ఎవరూ లాగిన్ కాని ఆదివారం

పలాసలో రైలు దిగేసరికి తొమ్మిదిన్నరయింది. స్టేషన్ బయట జీడిపప్పు కొట్లు సగమే తెరిచారు. చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు నలుగురు తెల్లచీరల్లో ఆటో కోసం నిలబడి ఉన్నారు. మబ్బు పట్టి ఉంది గానీ వాన లేదు. వాయుగుండం పైకి, ఒడిశా వైపు పోతుందని వార్తల్లో చెప్పారు. పొద్దున్నే విజయనగరంలో నన్ను రైలెక్కిస్తూ మా ఆయన భరణి కూడా అదే మాటన్నాడు. "సాయంత్రానికి తిరిగొచ్చేస్తావులే" అన్నాడు.

నా పేరు హేమ. విజయనగరంలో మాకు చిన్న కంప్యూటర్ షాపు ఉంది. పాడైన మిషన్లు భరణి బాగుచేస్తాడు. చిన్న ఆస్పత్రులకీ ల్యాబులకీ డేటాబేసులు పెట్టడం, చెడితే సరిచేయడం నా పని. ఆ ఆదివారం నేను వెళ్ళింది ఉద్దానంలో, జీడితోటల మధ్య ఒక ట్రస్టు నడిపే డయాలసిస్ సెంటర్‌కి. ఎనిమిది బెడ్లు, రోజుకి మూడు షిఫ్టులు. వారంలో ఆదివారం ఒక్కటే సెలవు కాబట్టి పని ఆ రోజే పెట్టుకున్నాను.

పని మరీ పెద్దదేం కాదు. పేషెంట్ల వివరాలన్నీ ఒక కంప్యూటర్‌లో ఉంటాయి. ఎవరి బరువెంత, ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, కిందటిసారి బీపీ ఎలా ఉంది, అన్నీ. ఆ వివరాలని దాచి, అడిగినప్పుడు ఇచ్చేది డేటాబేస్. దాన్ని ఇన్నాళ్ళూ చేత్తో నడుపుతున్నారు. పొద్దున్నే ఎవరో ఒకరు కంప్యూటర్ ఆన్ చేసి, తమ పేరుతో లాగిన్ అయి, దాన్ని మొదలుపెట్టాలి. తెర మీద చిన్న నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అది తెరిచి ఉన్నంతసేపే అన్నీ నడుస్తాయి. ఎవరైనా పొరపాటున మూశారా, అంతే.

నెల కిందట తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ లేచింది, డేటాబేస్ లేవలేదు; దాన్ని మొదలుపెట్టే మనిషి ఆ రోజు సెలవు. చూసుకోవడానికి వివరాలు లేక, ఎవరికెంత నీరు తీయాలో గుర్తున్నంతలో పెట్టారు. ఒకాయనకి నీరు ఎక్కువ లాగేసి, బీపీ పడిపోయి, బెడ్ మీదే కళ్ళు తేలేశాడు. ఎలాగో బతికాడు. అప్పుడు ట్రస్టువాళ్ళు నాకు ఫోన్ చేశారు. దాన్ని సర్వీసుగా పెట్టమన్నారు. అంటే ఎవరూ లాగిన్ కాకపోయినా, కంప్యూటర్ దగ్గర మనిషి లేకపోయినా, కరెంటు రాగానే దానంతటది లేచి వెనకాల నడుస్తూ ఉండేలా.

తాళం తీసింది హెడ్ నర్సు ఏసమ్మ. యాభై ఐదేళ్ళుంటాయి. చర్చి నుంచి నేరుగా వచ్చింది, చేతిలో బైబిల్ సంచి ఉంది. తలుపు తీయగానే బ్లీచింగ్ వాసన, దాని వెనకే వెనిగర్ లాంటి పుల్లటి వాసన. డయాలసిస్ మందునీళ్ళది. హాల్లో అటు నాలుగు, ఇటు నాలుగు రెక్సిన్ మంచాలు, ప్రతిదాని పక్కనా మనిషెత్తు మిషన్. గుమ్మం దగ్గర నేలకి సమంగా బరువు చూసే ప్లాట్‌ఫారం. దాని మీద నిలబడితే బరువు ఎర్రంకెల్లో కనిపించి, వైరు మీదుగా కంప్యూటర్‌లోకి వెళ్ళిపోతుంది. గోడకి టీవీ బోర్డు, పైన స్పీకర్. టోకెన్ పిలిచేది అదే.

"టిఫినీ సేసినావా అమ్మా?" అంది ఏసమ్మ.

"రైల్లో ఇడ్లీ తిన్నాను సిస్టర్."

"రైల్లో ఇడ్లీ ఏటి సరిపోద్ది. మజ్జాన్నం మా ఇంట్లో తిందువుగాని."

కంప్యూటర్ గది హాలు చివర ఉంది. బల్ల, కుర్చీ, ఇనప బీరువా. కిటికీ లేదు. కుర్చీ మీద మడతపెట్టిన తువ్వాలు ఉంది.

"నరసింగరావుది," అంది ఏసమ్మ నా చూపు గమనించి. "ఈ కంప్యూటరంతా ఆడే సూసేవోడు. ఆడూ పేషెంటే. అయిదింటికి వచ్చి ఇది మొదలెట్టేసి, ఆరింటికి ఏడో బెడ్ మీద తొంగునేవోడు. పదింటికి సూదులు తీసేస్తే దూదెట్టుకుని మల్లీ ఇక్కడికే. పోయి రెండు నెల్లయినాది. అప్పటినుంచీ నానే మొదలెడతన్నాను. ‘నేను కూకోకపోతే ఇది నడవదు సిస్టర్’ అనేవోడు."

"ఇకమీదట ఎవరూ కూర్చోనక్కర్లేదు," అన్నాను.

నేను తువ్వాలు తీయడానికి మొహమాటపడి, హాల్లోంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకున్నాను.

పని మొదలుపెట్టాను. ముందు అన్నిటికీ ఒక కాపీ తీశాను. నల్ల కిటికీ మూశాను. సర్వీసు పెట్టేటప్పుడు అది ఎవరి పేరు మీద నడవాలో చెప్పాలి. నేను దానికోసం కొత్తగా ఒక పేరు సృష్టించాను. మొదలుపెడితే లేచింది, మూడు సెకన్లలో పడిపోయింది. కారణం తెలిసిందే. వివరాలున్న ఫోల్డరు మొత్తం నరసింగరావు పేరు మీద ఉంది, కొత్త పేరుకి అందులోకి దారి లేదు.

"ఆయన పాస్‌వర్డ్ తెలుసా సిస్టర్?"

"నాకేటి తెలుస్తాది. నాకు ఆడు ఏరేగా పేరెట్టిచ్చినాడు, దాంతోనే తెరుస్తాను."

ఫోల్డరు హక్కులు కొత్త పేరుకి మార్చేశాను. ఈసారి లేచి నిలబడింది. కంప్యూటర్ ఆన్ కాగానే దానంతటదే మొదలవ్వాలని పెట్టాను. పడిపోతే నిమిషంలో మళ్ళీ లేవాలి. రెండోసారి పడ్డా లేవాలి, ఎన్నిసార్లు పడ్డా లేవాలి. ఆ ఏర్పాటు కూడా నేనే పెట్టాను, ఈ చేత్తోనే.

అప్పటికి ఒంటిగంట. బయట గాలీ వానా మొదలయ్యాయి. డయాలసిస్‌కి నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు చూసుకునే అప్పలసూరి గొడుగు ముడుచుకుంటూ లోపలికొచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, సెంటర్ వెనక షెడ్డులోనే ఉంటాడు.

"సిస్టరమ్మా, తుఫాను తిరిగేసినాదంట. మన మీదికే వస్తాదంతన్నారు. సోంపేట రోడ్డుకి సెట్లు పడిపోనాయి."

అతను అంటుండగానే కరెంటు పోయింది. అప్పలసూరి పరిగెత్తుకెళ్ళి జనరేటర్ వేశాడు. కంప్యూటర్‌కి ఉన్న బ్యాటరీ ఎప్పుడో పాడైంది, అందుకని అదీ ఆరిపోయి మళ్ళీ లేచింది. మంచిదే అనుకున్నాను. నేను చేయాల్సిన ఆఖరి పరీక్ష అదే. లాగిన్ తెర వచ్చింది. ఎవరి పేరూ నొక్కకుండా, ఏమీ ముట్టుకోకుండా హాల్లోకి వచ్చి బోర్డు చూశాను. డేటాబేస్ లేస్తే బోర్డు మీద ఎనిమిది ఖాళీ గళ్ళు కనిపించాలి.

కనిపించాయి.

"అయిపోయింది సిస్టర్. చూశారా, ఎవరూ..."

స్పీకర్ గరగరమంది.

"టోకెన్ ఒకటి. బల్లెడ కూర్మయ్య. ఒకటో బెడ్‌కి రావలెను."

రైల్వే స్టేషన్లో వినిపించేలాంటి ఆడగొంతు. ఖాళీ హాల్లో కాబట్టి పెద్దగా వినిపించింది. ఏసమ్మ, వానకి వెళ్ళలేక ఇంటినుంచి తెప్పించిన అన్నం క్యారియర్ విప్పుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"పాత టోకెన్ ఏదో పిలవకుండా మిగిలిపోయినట్టుంది," అన్నాను. అలా జరుగుతుంది. నిజంగానే జరుగుతుంది.

"కూర్మయ్య పోయి ఏడాది దాటినాది," అంది ఏసమ్మ నెమ్మదిగా.

అప్పుడు గుమ్మం దగ్గర ఎర్రంకెలు వెలిగాయి. సున్నా నుంచి గబగబా పెరిగి నలభై ఒకటి పాయింట్ రెండు దగ్గర ఆగాయి. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. రెండు క్షణాలు ఆ అంకె అలాగే ఉంది. మళ్ళీ సున్నా అయింది.

రెక్సిన్ మంచం మీద మనిషి కూర్చుంటే దిండులోంచి గాలి బయటికి పోయి, నిట్టూర్చినట్టు ఒక శబ్దం వస్తుంది. ఒకటో బెడ్ దగ్గర ఆ శబ్దం వచ్చింది.

ముగ్గురం కదల్లేదు.

"టోకెన్ రెండు. మజ్జి సత్యానందం. రెండో బెడ్‌కి రావలెను."

"మా చర్చోడు," అంది ఏసమ్మ. "సమాధి కాడికి నానూ ఎల్లినాను."

యాభై మూడు కేజీలు. సున్నా. నిట్టూర్పు.

మూడో పేరు అనూరాధ. ముప్పై ఆరు కేజీలు. "ఇంటరు సదివేది," అని మాత్రం అంది ఏసమ్మ. నాలుగు... అయిదు... ఆరు... ప్రతి పేరుకీ మధ్య సరిగ్గా మనిషి నడిచి వచ్చే సమయం. పుల్లటి వాసన పెరుగుతూ వచ్చింది. దానితో పాటు తడిసిన బట్టల వాసన. బయట వానలో తడిసి ఎవరో లోపలికొస్తున్నట్టు.

"టోకెన్ ఏడు. దువ్వు నరసింగరావు. ఏడో బెడ్‌కి రావలెను."

అప్పలసూరి గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "ఆపేయండి మేడమ్," అన్నాడు గుసగుసగా. "మీరేటెట్టినారో అది ఆపేయండి."

గదిలోకి వెళ్ళాను. బుర్ర ఇంకా పనిచేస్తోంది. ఏదో తప్పు చేసి ఉంటాను, అదేదో దొరికితే ఇదంతా పోతుంది అనుకున్నాను. నా పేరుతో లాగిన్ అయి టోకెన్ల పట్టిక తీశాను. ఏడు వరసలు. పాతవి కావు. ఈ రోజు తేదీ, ఈ పావుగంటలో వేళలు. చివరి గడిలో, ఎంటర్ చేసినవారు అన్న చోట, ఏడింటికీ ఒకటే పేరు. నరసింగరావు.

సర్వీసు ఆపమన్నాను. ఆపుతున్నాను... ఆపుతున్నాను... అని చూపించి అలాగే ఉండిపోయింది. బలవంతంగా చంపేశాను. పోయింది. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ లేచింది. పడితే నిమిషంలో లేవమని చెప్పింది నేనే కదా. ఆ ఏర్పాటు తీసేద్దామని సర్వీసు వివరాలు తెరిచాను. అక్కడ, ఇది ఎవరి పేరు మీద నడుస్తోంది అన్న చోట, నేను సృష్టించిన పేరు లేదు. నరసింగరావు పేరుంది. దాని కింద పాస్‌వర్డ్ గడిలో ఎనిమిది నల్లచుక్కలు.

ఆ పాస్‌వర్డ్ మాలో ఎవరికీ తెలియదు.

అప్పుడే బయట ఆటో హారన్ వినిపించింది. ఆపకుండా కొడుతున్నారు.

లోపలికి తెచ్చింది అమ్మడుని. యాభై ఏళ్ళావిడ, మొదటి షిఫ్టు పేషెంటు. మొగుడూ ఆటో అతనూ చెరో రెక్క పట్టుకుని మోసుకొచ్చారు. మొహం ఉబ్బిపోయింది. ఊపిరి తీస్తుంటే గుండెల్లో నీళ్ళు గలగలమంటున్నాయి. గురువారం చుట్టాలింట్లో పెళ్ళికని డయాలసిస్ మానేసిందట.

"సీకాకులం తీసికెల్దామంటే రోడ్డు నేదు సిస్టరమ్మా," అన్నాడు మొగుడు. "మీరే ఏదోటి సెయ్యాల."

డాక్టర్ టెక్కలిలో ఉంటారు. ఏసమ్మ ఫోన్ చేసింది, నేనూ చేశాను. ఆయన ఎత్తేలోపే సిగ్నల్ పోయింది. ఏసమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచాక ఆ మొహంలో ఇందాకటి భయం లేదు.

"సూరీ, ప్లాంటు ఎయ్యి. హేమా, అమ్మడు డ్రై వెయిట్ ఎంతో సూడు."

నీరంతా తీసేశాక మనిషి ఉండాల్సిన బరువది. అది తెలియకుండా మొదలుపెడితే నెల కిందట జరిగిందే మళ్ళీ జరుగుతుంది. కాగితం మీద ఎక్కడా లేదు. ఉన్నది ఆ డేటాబేస్‌లోనే. నేను చంపడానికి చూస్తున్న దానినే అడిగాను. వెంటనే ఇచ్చింది. నలభై నాలుగు.

అమ్మడుని ప్లాట్‌ఫారం మీద నిలబెడితే నలభై తొమ్మిదిన్నర. మిగిలింది ఎనిమిదో బెడ్. ఏసమ్మ అక్కడికే నడిపించింది. మంచాల మధ్యనుంచి వెళ్తూ ఆమె ప్రతి మంచానికీ కొంచెం పక్కకి జరిగి నడవడం చూశాను. ఆస్పత్రిలో పేషెంటు కాళ్ళు తగలకుండా నర్సులు నడిచినట్టు.

సూదులు పెట్టింది. మిషన్ తిరగడం మొదలైంది. ఎర్రగా రక్తం గొట్టంలోకి వచ్చింది. ఆ చప్పుడుకి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఒక మిషన్ తిరిగే చప్పుడు. చెవి పెట్టి విన్నాను. ఒకటి కాదు. చాలా మిషన్లు తిరుగుతున్న చప్పుడు. తక్కిన ఏడూ ఆపేసి ఉన్నాయి, వాటి దీపాలు వెలగలేదు.

అమ్మడు తల పక్కకి తిప్పి ఏడో బెడ్ వైపు చూసింది.

"నరసింగన్నా," అంది రొప్పుతూ. "సెయ్యి నొప్పి తగ్గినాదేటి?"

"మాటాడకు అమ్మడూ," అంది ఏసమ్మ.

"అందరూ వచ్చినారు... నాకే ఆలిస్సమయిపోనాది." ఊపిరి అందుకుంది. "దుప్పటి కప్పండి. ఈ పక్కనుంచి సల్లగా వస్తంది."

స్పీకర్ గరగరమంది. "టోకెన్ ఎనిమిది..." అంది. పేరు చెప్పలేదు. గరగర అలాగే ఉంది, ఎవరో మైకు దగ్గర మూతి పెట్టి ఆలోచిస్తున్నట్టు. అమ్మడు మొగుడు నా మొహం చూశాడు. నేను ఏసమ్మ మొహం చూశాను.

ఏసమ్మ ఏడో బెడ్ వైపు తిరిగింది. చేతులు గట్టిగా కట్టుకుంది.

"నరసింగా. ఇది బతికున్న మనిసి. దీన్ని నీ లిస్టులో రాయకు."

గరగర ఆగిపోయింది.

నేను ఆమెని పక్కకి లాగాను. "సిస్టర్, వైర్లు పీకేస్తాను. డ్రై వెయిట్ తెలిసిపోయింది కదా, ఇంక కంప్యూటర్‌తో పని లేదు."

"ఒద్దు," అంది ఏసమ్మ. "ముప్పయ్యేళ్ళ నుంచి ఈ పని సేస్తన్నాను. మనిసి బెడ్ మీదున్నప్పుడు సగంలో ఆపకూడదు. రగతం సగం బయటుంటాది."

"ఆ ఏడుగురూ మనుషులు కారు సిస్టర్."

"నాను సూదులెట్టినోల్లే కదా," అంది. "నాలుగ్గంటలు. కూకో. నాలుగ్గంటలైతే ఆల్లే లెగిసి ఎల్తారు."

ఆ నాలుగు గంటలు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. హాల్లో ఉండలేకపోయాను. గదిలోకి వెళ్ళాను. స్టూలు అమ్మడు మొగుడు కూర్చోవడానికి హాల్లోకి ఇచ్చేశాను. తువ్వాలు పక్కన పెట్టి ఆ కుర్చీలోనే కూర్చున్నాను. తెర చూస్తూ ఉన్నాను. గంటకోసారి ఏడు పేర్లకీ బీపీలు ఎక్కుతున్నాయి. నూట పది, డెబ్భై. నూట ముప్పై, ఎనభై. అనూరాధది ఒకసారి బాగా తగ్గింది, తరవాత కోలుకుంది. నేనెందుకో తేలికపడ్డాను. చచ్చిపోయిన పిల్ల బీపీ పెరిగిందని తేలికపడటమేమిటని నన్ను నేను అడగలేదు. వాన రేకుల మీద కొడుతోంది. జనరేటర్ ఒకసారి దగ్గి మళ్ళీ పుంజుకుంది. ఒక్కోసారి గది బయట తడి కాళ్ళతో ఎవరో నిలబడ్డట్టు అనిపించేది. తల తిప్పి చూడలేదు.

అయిదూ నలభైకి స్పీకర్ పలికింది. "ఒకటో బెడ్ పూర్తయినది."

రెక్సిన్ నిట్టూర్చింది. గుమ్మం దగ్గర అంకెలు వెలిగాయి. ఈసారి ముప్పై తొమ్మిది. ఒంట్లో నీరు పోయి తేలికపడ్డ మనిషి బరువు. తరవాత రెండు. మూడు. ఒక్కొక్కరే వెళ్తున్నారు. ఏసమ్మ గుమ్మం పక్కన నిలబడి, ఆ ఎర్రంకెలు ఆరిపోయినప్పుడల్లా తల ఊపింది. ఏడోది అన్నిటికన్నా ఎక్కువసేపు వెలిగింది. యాభై ఆరు... యాభై ఆరు... యాభై ఆరు. సున్నా.

పుల్లటి వాసన పోయింది. బ్లీచింగ్ వాసన మిగిలింది.

ఆ తరవాత అమ్మడు పూర్తయింది. నలభై నాలుగున్నర. ఊపిరి తేలిగ్గా తీస్తోంది. మొగుడితో "ఆకలేస్తంది" అంది. అతను కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వాళ్ళిద్దరూ ఆ రాత్రికి సెంటర్‌లోనే ఉన్నారు.

నేను సర్వీసు ఆపమంటే ఈసారి మాట విని ఆగింది. మొత్తం తీసేశాను. రైళ్ళు లేవు, ఏసమ్మ ఇంట్లోనే పడుకున్నాను. పక్కసందులోనే వాళ్ళిల్లు. చారన్నం పెట్టింది, ప్రార్థన చేసింది, దీపం తగ్గించకుండా పడుకుంది. నిద్ర పట్టదనుకున్నాను గానీ రాయిలా పడిపోయాను.

సోమవారం ఐదింటికి ఇద్దరం సెంటర్‌కి వెళ్ళాం. గాలి తగ్గింది. దారంతా కొబ్బరిమట్టలు. ఏసమ్మ ఎప్పటిలాగే నల్ల కిటికీ తెరిచి చేత్తో మొదలుపెట్టింది. అప్పలసూరి ప్లాంటు వేశాడు. అమ్మడుది నిన్ననే అయిపోయింది కాబట్టి మొదటి షిఫ్టుకి ఏడుగురు రావాలి.

ఆరయింది. ఆరుంపావయింది. ఒక్కరూ రాలేదు.

"రోడ్లు మూసుకుపోయి ఉంటాయి," అన్నాను.

"ఇద్దరిల్లు ఈ ఊల్లోనే," అంది ఏసమ్మ.

సిగ్నల్ వచ్చింది. ఆమె ఒకరికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"నిన్న మీ కాడినుంచే పోనొచ్చినాది కదా సిస్టరమ్మా," అన్నాడతను. "రేపు మొదటి షిప్టు నిండిపోయినాది, రావద్దన్నారు."

"ఎవులన్నారు?"

"ఎవులో ఆడమనిసి. పేరు హేమ అన్నాది."

ఏసమ్మ నా వైపు చూడలేదు. వెంటనే బయలుదేరి రమ్మని అతనికి చెప్పి ఇంకొకరికి చేసింది. అదే మాట. ఇంకొకరికి. అదే మాట. ఏడుగురికీ చేసి, అందరినీ రమ్మని చెప్పి, ఫోన్ బల్ల మీద పెట్టింది.

"నేను కాదు సిస్టర్," అన్నాను. "నిన్న సిగ్నలే లేదు. వాళ్ళ నంబర్లు నాకెలా తెలుస్తాయి?" నా ఫోన్ తీసి చూపించాను. నిన్న మధ్యాహ్నం డాక్టర్‌కి చేసిన కాల్ ఒక్కటే ఉంది. దాని తరవాత ఏమీ లేదు.

ఏసమ్మ ఆ ఫోన్ చూసింది. తిరిగి నా చేతిలో పెట్టింది.

"నాలుగున్నరప్పుడు నీకు టీ తెద్దామని గదికాడికి వచ్చినాను," అంది. "ఆ కుర్సీలో కూకుని, పోను సెవికాడ ఎట్టుకుని మాటాడతన్నావు. వానలో మాటలు ఇనపడనేదు. మీ ఆయనతో అనుకుని ఎల్లిపోనాను."

"లేదు సిస్టర్. నేను తెర చూస్తూ కూర్చున్నాను."

"మల్లీ వచ్చినాను. అప్పుడు వాన తగ్గినాది." ఆమె గొంతు తగ్గించింది, అప్పలసూరి వినకుండా. "ఏడుగురికేనా సేసినావు?"

"నేనెవరికీ చెయ్యలేదు."

"ఎనిమిదోది ఉన్నాది, హేమా. నానొచ్చేసరికి నువ్వు మాటాడట్లేదు. అవతల ఎవులో సెప్తంటే ఇంటన్నావు. సానాసేపు ఇన్నావు. సివరికి నవ్వినావు."

బయట మొదటి ఆటో వచ్చి ఆగింది. ఎవరో దిగుతున్నారు.

"‘అలాగే అండి’ అన్నావు. ‘అలాగే అండి, మీరు చెప్పిన రోజుకే వస్తాను’ అన్నావు."